108కి ఫోన్ చేశాక ఎలా మాట్లాడాలి?

"ముందు బండి పంపండయ్యా, ఈ ప్రశ్నలన్నీ ఎందుకు?" అని కాల్ సెంటర్ వాళ్ల మీద అరిచేవాళ్లే ఎక్కువ. నిజానికి మెడికల్ డిస్పాచ్ (ఫోన్ ఎత్తి అంబులెన్స్ పంపే పని) ప్రమాణాల ప్రకారం చోటు, సమస్య తెలియగానే ఒకపక్క అంబులెన్స్ కదలాలి, ఇంకోపక్క ఫోన్లోనే మీతో ప్రథమ చికిత్స చేయించాలి. అందుకే ఆ ప్రశ్నలు.

మొదట చోటు చెప్పండి. తిరుపతిలో "గుడి పక్కన" అంటే ఏ గుడని వెతకాలి? బైరాగిపట్టెడ అయినా కొర్లగుంట అయినా వీధి పేరు, దగ్గర్లోని బడో పెట్రోల్ బంకో చెప్పండి. అలిపిరి మెట్లదారిలో ఉంటే గాలిగోపురం దాటారా, మోకాళ్ల పర్వతం దగ్గరున్నారా, మెట్టు మీద నంబరుంటే అది కూడా. చిత్తూరు వైపు మామిడితోటల్లో అయితే ఊరితోపాటు మండలం పేరు తప్పనిసరి, ఒకరిని రోడ్డు మీద నిలబెట్టండి.

తర్వాత ఫోన్ స్పీకర్‌లో పెట్టి మనిషి పక్కన కూర్చోండి. అడిగేవాటిలో రెండే కీలకం: పిలిస్తే పలుకుతున్నారా, మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా? ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే గుండె ఆగిన మనిషి కూడా కాసేపు గురక పెట్టినట్టో, ఆగి ఆగి ఎగశ్వాస తీసినట్టో చేస్తాడు, దాన్ని చూసి "ఊపిరాడుతోందండీ" అనేస్తే సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) ఆలస్యమైపోతుంది. ఊపిరి ఎలా ఉందో ఉన్నదున్నట్టు వర్ణించండి, తేల్చే పని వాళ్లకు వదిలేయండి. పలుకూ లేదు, సరైన ఊపిరీ లేదంటే ఛాతీ మధ్యలో నొక్కడమే: పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 90 సెకన్లలోపే మొదటి నొక్కు పడేలా చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ డిస్పాచర్లకు, అంటే ఇలాంటి ఫోన్లు ఎత్తేవాళ్లకు, లక్ష్యం పెట్టింది, అంటే మనం వాదిస్తూ పోగొట్టే ప్రతి సెకనూ అందులోంచే పోతుంది.

వాళ్లు ఏమీ చెప్పకపోతే "బండి వచ్చేలోపు ఏం చెయ్యాలి?" అని మీరే అడగండి. సొంత వైద్యాలు వద్దు. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెట్టకండి (మన దగ్గర ఇది ఎప్పటికి పోతుందో!), స్పృహ లేనివాళ్లకు నీళ్లు పట్టించకండి, పాము కరిస్తే కొయ్యడం, గట్టిగా కట్టడం చెయ్యకుండా కాలో చెయ్యో కదలకుండా ఉంచండి.

వాళ్లు పెట్టెయ్యమనే దాకా ఫోన్ పెట్టకండి. దారి అడగడానికి పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) మళ్లీ అదే నంబరుకి చేస్తాడు, కాబట్టి బంధువులకు కబురు వేరే ఫోన్ నుంచి చెప్పండి.