మొదటిసారి ఓటేసేవాళ్లు ఎవర్ని ఏం అడగాలి

నేను అంగన్వాడీ టీచర్‌ని, మా పోలింగ్ బూత్‌కి బీఎల్‌ఓని (ఓటర్ల జాబితా చూసే బూత్ లెవెల్ ఆఫీసర్‌ని) కూడా. కొత్త ఓటర్లు నింపే ఫారం 6 పట్టుకుని ఇళ్లకు పోతే పిల్లలు ఏ ఎమ్మెల్యే ఏ పార్టీలో చేరాడో గడగడా చెప్తారు. "మీ వార్డు మెంబర్ ఎవరు బాబూ?" అంటే మాత్రం వంటింటి వైపు తిరిగి "అమ్మా!" అని కేకేస్తారు.

వాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకే ఈడు, ఒకే వాడ, చాలాసార్లు ఒకే పార్టీ. ఒకడికి తెలియనిది మిగతావాళ్లకీ తెలియదు. కావాలంటే "మన వీధి మోరీ బాగుచేయాల్సింది ఎవరు?" అని అడిగి చూడండి. జవాబుకి బదులు మీమ్స్ వచ్చాయంటే గ్రూపు బయట మనిషిని వెతుక్కోవాల్సిందే.

పంచాయతీకి ఏ పద్దు కింద ఎంత డబ్బు వచ్చిందో కార్యదర్శికి తెలుసు. పొద్దున పూట ఆఫీసులో దొరుకుతారు, వెళ్లి అడగండి.

ఆడపిల్లలకి ఇంకో చిక్కుంది. మగపిల్లలు టీ హోటల్ దగ్గర నాలుగు మాటలు వింటారు, వీళ్లు అక్కడ కూర్చోలేరు. అమ్మతో మహిళా సంఘం మీటింగ్‌కి పోండి. లోను ఎందుకు ఆగింది, ఇళ్ల లిస్టులో ఎవరి పేరు పోయింది, ఎవరిని పట్టుకుంటే పని జరిగింది, అన్నీ అక్కడే తేలతాయి. నన్నడిగితే టీవీ చర్చలకంటే అది నయం. తెలంగాణలో సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవే. మీ సర్పంచ్ మహిళైతే ఆమెనే అడగండి, ఆమె భర్తని కాదు.

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలప్పుడు అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో ఉంటాయి. బాబాయిది ఒక పార్టీ, మేనమామది ఇంకో పార్టీ అయితే మీరు అదృష్టవంతులే! ఇద్దరికీ అదే కాగితం చూపించండి. ఒకరు దాటేసిన కేసుని రెండోవారు వేలుపెట్టి చూపిస్తారు.

ఇక నమోదు సంగతి. మా నాన్న రోజుల్లో ఓటుకి 21 ఏళ్లు నిండాలి, 1989 నుంచి 18 చాలు. 17 దాటితే ముందే దరఖాస్తు పెట్టొచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ 1వ తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పుడు పేరు ఎక్కుతుంది. హైదరాబాద్ హాస్టల్లో ఉన్నవాళ్లు అక్కడైనా, ఇంటి దగ్గరైనా రాయించుకోవచ్చు గానీ రెండుచోట్లా కుదరదు. ఒక్కటి చూసుకోండి, పంచాయతీ జాబితాకీ అసెంబ్లీ జాబితానే ఆధారం. ఊళ్లో పేరు లేకపోతే సర్పంచ్ ఎన్నికలో ఓటుండదు.