కుక్క కరిస్తే సూదితో పాటు చీటీ కూడా: నష్టపరిహారం ఎట్లా అడగాలి

మా చిన్నమ్మ పత్తి ఏరడానికి పోతుంటే దారిలో ఒక కాపలా కుక్క పిక్క పట్టుకుంది. సూదులు వేయించుకుంది, గాయం మానేదాకా చేనుకు పోలేదు, సీజన్‌ల కూలీ అంతా పోయింది. తర్వాత పైసలు అడుగుదామని పోతే కుక్క యజమాని మాది కాదన్నాడు. దవాఖాన చీటీ తీసి చూస్తే దాని మీద "కాలికి గాయం" అని రెండు ముక్కలే ఉన్నాయి. ఏం కరిచింది, ఎక్కడ కరిచింది, ఏదీ లేదు. అప్పటి నుంచి నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఎవరికి కుక్క కరిచినా నేను చెప్పే మొదటి మాట ఇదే: మీకు చట్టంలో హక్కు ఉంది, కానీ ఆ హక్కు మొదటి రోజు చీటీల మీదనే నిలబడుతుంది.

అయితే ప్రాణం ముందు. కరిచిన వెంటనే బోరు దగ్గరైనా నల్లా కిందైనా గాయాన్ని సబ్బు పెట్టి, నీళ్లు పారుతుండగా 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, పసరు ఏదీ పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు ఉండదు, కాబట్టి "ఇంటి కుక్కే కదా, ఏమైతదిలే" అనుకోవద్దు. సర్కారు దవాఖానల్లో సూది ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో మొత్తం నాలుగు సార్లు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో మందు కూడా వేయాలి. పిహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) అది లేదంటే ఎక్కడ ఉందో అడిగి, రాయించుకుని అదే రోజు అక్కడికి పోవాలి. చాలామంది మూడో సూదికి తగ్గిపోయిందని ఆపేస్తారు, అది ప్రాణానికీ ప్రమాదమే, రేపు కేసులో "మీరే వైద్యం పూర్తిగా చేయించుకోలేదు" అనే మాటకూ దారి ఇచ్చినట్టే.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు టెన్షన్‌లో ఏదో ఒకటి చెప్పి లేవకండి. ఎవరి కుక్క కరిచింది, లేదా వీధికుక్క అయితే ఏ వీధిలో, ఎన్ని గంటలకు, శరీరంలో ఎక్కడెక్కడ అనేది నిదానంగా చెప్పి ఓపీ చీటీ మీద రాయమని అడగండి. గాయం పెద్దదైతే "ఎంఎల్‌సీ రాయండి సార్" అనండి, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా నమోదు చేయడం. తర్వాత పోలీసులు అడిగితే దవాఖాన ఇచ్చే గాయాల సర్టిఫికెట్ అక్కడి నుంచే వస్తుంది. గాయం కడిగాక ఫోన్‌తో ఫొటో తీయండి, మానేదాకా రెండు మూడు రోజులకొకసారి తీస్తూ ఉండండి. చిరిగిన ప్యాంటో చీరో ఉతకకుండా దాచండి. సూదుల కార్డు 28 రోజులు జేబులో తిరిగితే చినిగిపోతుంది, కాబట్టి మొదటి రోజే జిరాక్స్ తీసుకోండి. బస్సు టికెట్లు, మందుల బిల్లులు, ఆటో కిరాయి రాసుకున్న కాగితం అన్నీ ఒక కవర్లో వేయండి. కరిచింది చూసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు కూడా అందులోనే.

కుక్కకు యజమాని ఉంటే దారి కొంచెం సులువు. ఇప్పటి నేర చట్టమైన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని వాళ్లకు ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు జరిగిన ఘటనకైతే పాత నేర చట్టం ఐపీసీలోని 289వ సెక్షన్ వర్తిస్తుంది. ముఖం చెడిపోవడం, ఎముక విరగడం లాంటివి ఉంటే న్యాయ సంహిత 125వ సెక్షన్ కూడా పెట్టమని అడగొచ్చు. ఠాణాలో ఇచ్చే దరఖాస్తు పెద్దగా ఉండక్కర్లేదు: "ఫలానా తేదీ పొద్దున ఏడు గంటలకు నేను ఫలానా దారిలో నడిచి పోతుండగా, ఫలానా వారి కుక్క గొలుసు లేకుండా బయటికి వచ్చి నా ఎడమ పిక్కపై కరిచినది, ఇంతకు ముందు కూడా ఇదే కుక్క మనుషుల మీదికి వచ్చిన సంగతి వారికి తెలుసు" అని నిజమున్నంత వరకే రాయండి. ఆ చివరి మాటకు చాలా బలం ఉంటుంది, ఎందుకంటే కుక్క కరుస్తుందని తెలిసీ వదిలేశారనేదే నిర్లక్ష్యానికి అసలు రుజువు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో తీసుకోకపోతే అదే దరఖాస్తును ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. ఆ రసీదు కూడా కవర్లోకే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పోలీసు కేసులో పడే జరిమానా మీ చేతికి రాదు, అది సర్కారుకు పోతుంది. తీర్పు ఇచ్చేటప్పుడు అందులోంచి బాధితుడికి కొంత ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది గానీ, పోయిన కూలీ, వైద్యం ఖర్చు, నొప్పి అన్నిటికీ కలిపి నష్టపరిహారం కావాలంటే విడిగా అడగాలి. కోర్టుకు పోవాలంటే భయపడేవాళ్లకు నేను చెప్పే దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ చేయాలంటే 15100. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. కేసు వేయకముందే, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో యజమానిని పిలిపించి మాట్లాడించొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ (తీర్పు) అంత విలువ ఉంటుంది.

మన దగ్గర ముందు పెద్దమనుషుల్లో కూర్చోబెడతారు, అది తప్పేం కాదు. కానీ మొదటి సూది అయిన రోజే వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి "ఇక అయిపోయింది" అని రాయించుకోవాలని చూస్తే ఒప్పుకోవద్దు. గాయం ముదురుతుందో, చీము పడుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు. 28వ రోజు సూది అయ్యేదాకా ఆగి, లెక్క వేసి మాట్లాడండి. లెక్క ఎట్లా అంటే: మందులు, ప్రయాణం, మీకు పోయిన కూలీ, మీతో దవాఖానకు వచ్చినవాళ్లకు పోయిన కూలీ, ముందు ముందు ఇంకా వైద్యం కావాల్సి ఉంటే దాని ఖర్చు, ఆ పైన నొప్పికీ మచ్చకూ ఒక మొత్తం. రాజీ కుదిరితే ఎంత, ఎప్పటిలోగా అనేది రాసుకుని ఇద్దరూ, సాక్షులూ సంతకం పెట్టాలి. ఏమీ రాయని ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

వీధికుక్క అయితే ఎవరిని అడగాలి? ఊరైతే గ్రామ పంచాయతీని, పట్టణమైతే మున్సిపాలిటీని లేదా కార్పొరేషన్‌ను. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించాల్సిన బాధ్యత స్థానిక సంస్థలదే. కమిషనర్‌కో పంచాయతీ కార్యదర్శికో రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంప్, తేదీ వేయించుకోండి. స్టాంప్ లేని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్టే. ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయి అక్కడా ఇవ్వండి. వెంటనే సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు అడగండి: మా వార్డులో గడిచిన రెండేళ్లలో ఎన్ని కుక్కలకు ఆపరేషన్ చేశారు, ఎన్నింటికి టీకా వేశారు, కుక్కల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "చేయలేదు" అని వాళ్లే రాసిచ్చే కాగితం కంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు. మీకంటే ముందు వీధిలోవాళ్లు ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే వాళ్ల కాపీ కూడా అడిగి తీసుకోండి.

సర్కారు మీద దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాల్సి ఉంటుంది, గాయం తీవ్రమైతే, ప్రాణం పోతే రిట్ (సర్కారు మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) కూడా వేయొచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో చిన్న పిల్లవాడిని కుక్కలు చంపినప్పుడు మన తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అదే ఏడాది నవంబర్‌లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని చెప్పింది. ఆ లెక్క మన రాష్ట్రానికి నేరుగా వర్తించదు, "పంటికి పది వేలు వస్తాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి, కానీ మీ లాయర్ మన దగ్గర అడిగేటప్పుడు దాన్ని చూపించొచ్చు, అందుకే పంటి గాట్లు లెక్కకు వచ్చేలా ఫొటో ఉండాలి. బస్టాండ్‌లోనో బడిలోనో దవాఖానలోనో కరిస్తే 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని దరఖాస్తులో తప్పకుండా రాయండి, అలాంటి చోట్ల నుంచి వీధికుక్కలను తీసేయాలని, మళ్లీ అక్కడే వదలొద్దని అది చెబుతుంది.

కోపంలో కుక్కలకు విషం పెట్టడం, కొట్టి చంపడం మాత్రం చేయొద్దు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో వీధికుక్కలను కాల్చి చంపితే పోలీసు కేసై అరెస్టులు జరిగాయి. బాధితులుగా ఉన్న మీరు నిందితులైపోతారు. పైగా కరిచిన కుక్క పది రోజులు కళ్ల ముందు బతికి ఆరోగ్యంగా ఉందా అనేది డాక్టర్‌కు కూడా అవసరం.

కుక్క కాక అడవి జంతువైతే దారి వేరు. అమ్రాబాద్, అచ్చంపేట అడవుల వైపు ఎలుగుబంటో చిరుతో దాడి చేస్తే అడగాల్సింది అటవీ శాఖను. మనిషికి గాయమైనా, మేకలు, పశువులు చచ్చినా పరిహారం ఉంటుంది. చచ్చిన పశువును అటవీ సిబ్బంది వచ్చి పంచనామా చేసి, పశువుల డాక్టర్ చూసేదాకా కదిలించకండి.

పాము కాటుకు మాత్రం అడగడానికి యజమాని ఉండడు, బీమానే దారి. పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు రైతు బీమాలో నమోదై ఉంటే ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమాలో పాము కాటు మరణానికి 2 లక్షలు ఉంది, కానీ పాము కాటు అని దవాఖాన రికార్డు చూపించాలి. మంత్రం వేసేవాళ్ల దగ్గర తిప్పి ఇంట్లోనే ప్రాణం పోతే ఆ రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది? 108కి ఫోన్ చేసి నేరుగా దవాఖానకే తీసుకుపోండి. ఈ వారంలోనే ఒకసారి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి పోయి రైతు బీమాలో నామినీ పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒకటేనా చూసుకోండి.