కారులో షార్ట్ అయ్యాక, కొత్త ఫ్యూజు పెట్టే ముందు

రెండేళ్ల కిందట మా కారు స్టీరియో మారుస్తుంటే వెనకాల ఉన్న పసుపు వైరు బాడీకి తగిలి టప్‌మని మెరిసింది. అంతే, రూమ్ లైటు పోయింది, గడియారం ఆగింది, సెంటర్ లాక్ పనిచేయడం మానేసింది. ఆ మెరుపుకి పోయింది నిజానికి ఒక్క ఫ్యూజే. అసలు నష్టం తర్వాతి అరగంటలో, టెన్షన్‌లో నా చేతులతో జరిగింది. వరసగా రెండు కొత్త ఫ్యూజులు పెట్టాను, రెండూ కాలిపోయాయి. మూడోసారి 15 ఆంపియర్లది ఉండాల్సిన చోట 30 ఆంపియర్లది పెట్టాను. అది నిలబడింది, దాని బదులు డాష్‌బోర్డు లోపల వైరు కాలింది. ఆ ప్లాస్టిక్ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఇంకొకరికి అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

పొగ వస్తుంటే మాత్రం ఇవేవీ చూడొద్దు. ఇంజిన్ ఆపి, అందర్నీ దింపి, దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయండి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది.

పొగ లేదంటే, చేయి పెట్టేముందు ఉంగరాలు, మెటల్ వాచీ, మెడలో గొలుసు, చేతి కడియం అన్నీ తీసేయండి. పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటాం. షాక్ కొట్టదు, నిజమే. కానీ బ్యాటరీ రెండు కొసల మధ్య లోహం అడ్డం పడితే వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఉంగరం ఎర్రగా కాలి వేలి చుట్టూ బిగుసుకుంటే తీయడం ఎవరి తరమూ కాదు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ కూడా ఉండొచ్చు, అక్కడ నిప్పురవ్వ రానివ్వకూడదు.

తర్వాత తాళంచెవి జేబులో వేసుకుని, డ్రైవర్ పక్క అద్దం దించి, అప్పుడు బ్యాటరీ విప్పండి. ఈ రెండూ మర్చిపోతే లాక్ పడి చెవి లోపలే ఉండిపోవచ్చు. ముందు నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు అది చివర్లో రావాలి. కారు బాడీ అంతా నెగటివే కాబట్టి, పాజిటివ్ ముందు విప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలిన క్షణంలో ఇంకో షార్ట్.

ఇప్పుడు ఏమేం పోయాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో ఫ్యూజు మీద ఒకటికంటే ఎక్కువ వస్తువులు ఉండొచ్చు, కలిసి ఆగినవి చాలాసార్లు ఒకే ఫ్యూజువి. మామూలుగా ఒక పెట్టె బానెట్ కింద, ఇంకొకటి స్టీరింగ్ పక్కన డాష్‌బోర్డు కింద ఉంటుంది. ఏది దేనిదో మూత లోపలి బొమ్మలోగానీ కారు పుస్తకంలోగానీ ఉంటుంది. రంగు కూడా చూడండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. కారు మొత్తం చచ్చిపోయినట్టుంటే బ్యాటరీ దగ్గర బోల్టుతో బిగించిన మెయిన్ ఫ్యూజు పోయి ఉండొచ్చు. అది మెకానిక్‌తోనే మార్పించండి.

కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది పెట్టినా, షార్ట్ అలాగే ఉంటే మళ్లీ కాలుతుంది. పెద్దది పెట్టడం, సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, వైరు ముక్క పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఫ్యూజు కాలకపోతే దాని వెనక వైరు కాలుతుంది, వైరు కాలితే పక్కనున్న వైర్లూ కాలుతాయి.

నేను ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉంది, దానికి ఖర్చు దాదాపు లేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి, ఫ్యూజు తీసిన రెండు గాడుల్లో చెరొకటి పెట్టండి. అప్పుడు నెగటివ్ తగిలించండి. బల్బు నిండు వెలుగుతో వెలిగితే షార్ట్ ఇంకా ఉన్నట్టు. ఆ బల్బు గుండా రెండు ఆంపియర్ల లోపే పారుతుంది కాబట్టి ఎంతసేపు వెతికినా వైర్లకు ప్రమాదం లేదు. బల్బుని సీటు మీద మాత్రం పెట్టకండి, బాగా వేడెక్కుతుంది. ఆ ఫ్యూజు మీదున్న వస్తువుల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ, వైర్ల కట్టని మెల్లగా కదుపుతూ బల్బుని చూడండి. ఎక్కడ వెలుగు తగ్గిందో లోపం అక్కడే. మీరు చేయి పెట్టిన చోటే మొదట వెతకండి. అక్కడ దొరక్కపోతే డిక్కీ తలుపు మడత, సీట్ల కింద, ఎలుకలు కొరికే చోట్లు చూడండి.

పసుపు ప్లగ్గులు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో మీటరుగానీ బల్బుగానీ పెట్టకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు కనబడితే పని అక్కడితో ఆపి షోరూమ్‌కి పంపండి. అందులో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

అంతా సరిచేశాక మల్టీమీటరుతో చూస్తే, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 14కి అటూఇటూ చూపాలి. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌గానీ దాని ఫ్యూజుగానీ దెబ్బతిని ఉండొచ్చు, దూరప్రయాణం పెట్టుకోవద్దు. బ్యాటరీ విప్పినందువల్ల కొన్ని కార్లలో ఆటోమేటిక్ అద్దాలకి మళ్లీ సెట్టింగు నేర్పాలి, స్టీరియో కోడ్ అడగొచ్చు. అవి లోపాలు కావు, కంగారుపడి మళ్లీ వైర్లు విప్పకండి.