చెరువులో కేబుల్ వేక్‌బోర్డింగ్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇందులో పడవ ఉండదు. స్తంభాల మధ్య తిరిగే కేబుల్, కాళ్లకు బోర్డు బిగించుకుని తాడు హ్యాండిల్ పట్టుకున్న మనిషిని గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నీటి మీద లాక్కెళ్తుంది. మోటారు సంగతి తర్వాత, ముందు చెరువును చూడండి.

- హుస్సేన్ సాగర్ లాంటి చోట నిమజ్జనం చేసిన విగ్రహాల ఇనుప చువ్వలు అడుగున ఉండిపోతాయి. క్రేన్‌తో పైపైన తీయిస్తే చాలదు. బయలుదేరే చోట, మలుపుల దగ్గర డైవర్లతో వెతికించాలి. ఎక్కువమంది పడేది అక్కడే.
- పడ్డవాళ్ల నోట్లోకి నీళ్లు పోక తప్పదు. అందుకే నీటికి ఈ.కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్ష చేయించాలి. నాలాలు కలిసే చెరువైతే పెద్ద వాన పడ్డ ప్రతిసారీ మళ్లీ చేయించి, రిపోర్టు వచ్చేదాకా మూసెయ్యాలి. టికెట్లు వాపసు ఇవ్వాల్సి వచ్చినా సరే.
- గుర్రపు డెక్క రోజూ తీయించాలి.
- హెల్మెట్, లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ దింపొద్దు. ‘నాకు ఈత బాగా వచ్చు’ అనేవాళ్లతోనే పేచీ ఎక్కువ.
- ఎమర్జెన్సీ స్టాప్ బటన్ రోజూ పొద్దున్నే నొక్కి చూడాలి. ఆపరేటర్ చేతిలో ఫోన్ ఉండకూడదు.
- తాడు చేతికి చుట్టుకోవద్దని, పడగానే హ్యాండిల్ వదిలేసి, వెనక వచ్చేవాళ్ల దారిలోంచి పక్కకు ఈదమని ముందే చెప్పాలి.
- ఉరుము వినిపిస్తే కేబుల్ ఆపి, అందరినీ ఒడ్డుకు చేర్చాలి.