మెదడు స్కాన్ చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మిడ్‌బ్రెయిన్‌లో ఎర్ర చుక్క

కిందటి పాఠంలో డిఫ్యూజన్ ఎమ్మారై (మెదడులో నీటి కదలికను కొలిచే స్కాన్) నుంచి వచ్చే రంగుల ఎఫ్‌ఏ మ్యాప్ చూశాం. ఎఫ్‌ఏ అంటే నీరు ఎంతవరకు ఒకే దిక్కున కదులుతుందో చెప్పే అంకె. కుడి ఎడమలకు సాగే నరాల పోగులు ఎరుపు, ముందు వెనకలకు సాగేవి ఆకుపచ్చ, పైకీ కిందికీ సాగేవి నీలం. ఇది ఇంకా నోటికి రాకపోతే ఆ పాఠం మరోసారి చూసి రండి. ఇవాళ్టి పనంతా దాని మీదే నడుస్తుంది.

ఆక్సియల్ చిత్రం (తలను అడ్డంగా కోసినట్టు చూపేది) తెరిచి, మిడ్‌బ్రెయిన్ (మెదడు కాండం పై భాగం) దగ్గర ఒక్కో స్లైసే కిందికి దిగండి. తొందరపడొద్దు. మిడ్‌బ్రెయిన్ కింది భాగానికి వచ్చేసరికి సరిగ్గా నడిమధ్యలో చిన్న ఎర్ర చుక్క కనిపిస్తుంది. పైన ఒకట్రెండు స్లైసుల్లో ఉండదు, కింద ఒకట్రెండు స్లైసుల్లోనూ ఉండదు. చిన్నమెదడు నుంచి థాలమస్ (మెదడు లోతులో ఉండే ఒక భాగం) వైపు వెళ్లే రెండు నరాల కట్టలు, అంటే సుపీరియర్ సెరెబెల్లార్ పెడంకిల్స్, అక్కడే ఒకదాన్నొకటి దాటి పక్కలు మారతాయి. దాటేచోట అడ్డంగా సాగుతాయి కాబట్టి ఎరుపు. మామూలు ఎమ్మారైలో ఈ దాటడం ఇంత తేటగా తెలియదు. దాన్ని మొదటిసారి గుర్తుపట్టిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

దీనితో పనేమిటంటే, పీఎస్‌పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ) అనే మెదడు జబ్బు మొదట్లో అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఉండొచ్చు. అదే నెమ్మది, అదే బిగుసుకుపోవడం. కానీ పీఎస్‌పీలో ఈ కట్టలు సన్నబడతాయి, చుక్క దగ్గర ఎఫ్‌ఏ పడిపోతుంది. పార్కిన్సన్స్‌లో ఇక్కడ అంత నష్టం ఉండదు. ఇది ఆధారాల్లో ఒకటి మాత్రమే. దీన్నొక్కదాన్నే పట్టుకుని జబ్బు పేరు చెప్పకూడదు.

అసలు కష్టం ఇక్కడుంది. ఎఫ్‌ఏ తగ్గిందంటే పోగులు దెబ్బతిన్నట్టేనా? కాదు. మన వోక్సెల్ (చిత్రంలోని అతి చిన్న ఘనం) సుమారు 2 మిల్లీమీటర్లు, కట్ట చూస్తే సన్నం, దగ్గర్లోనే సీఎస్‌ఎఫ్ (మెదడు చుట్టూ, లోపలా ఉండే) ద్రవం. అందులో నీరు ఏ దిక్కుకైనా ఒకేలా కదులుతుంది. ఆ ద్రవం కాస్త వోక్సెల్‌లో కలిసినా ఎఫ్‌ఏ దిగిపోతుంది. అందుకే పక్కన ఎండీ (నీరు సగటున ఎంతగా కదులుతుందో చెప్పే అంకె) మ్యాప్ కూడా తెరవండి. వైట్ మ్యాటర్‌లో (నరాల పోగులుండే భాగంలో) ఎండీ 0.7, 0.8 దగ్గర ఉంటుంది, ద్రవంలో దాదాపు 3 (యూనిట్ గుర్తుందిగా, సెకనుకు చదరపు మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). మీ చుక్కలో 1.5 వచ్చిందనుకోండి, ముందు అనుమానించాల్సింది కలిసిన ద్రవాన్నే. కట్ట సన్నబడ్డ కొద్దీ ఈ కలుపు పెరుగుతుంది కనుక, జబ్బు ఉన్నవాళ్లలోనే ఈ పొరపాటు ఎక్కువ.

కదలిక సంగతి కూడా. వణుకు ఉన్న మనిషి స్కానర్‌లో కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. వాళ్లని ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చినప్పుడు, తేడా వైట్ మ్యాటర్‌దో కదలికదో తేల్చకుండా ముందుకెళ్లొద్దు. ముడి చిత్రాలన్నీ ఒకసారి కళ్లతో చూడండి. నల్ల చారలు పడ్డ స్లైసులు అప్పుడే దొరుకుతాయి.

ఇక అభ్యాసం. చుక్క మధ్యలో నాలుగు వోక్సెల్స్ గీసి, ఎఫ్‌ఏ, ఎండీ రాసుకోండి. రెండు రోజులాగి, పాత అంకెలు చూడకుండా మళ్లీ గీయండి. రెండింటి మధ్య ఎంత తేడా వచ్చిందో రాసి ఉంచండి, 5వ పాఠం ఆ తేడాతోనే మొదలుపెడదాం.