‘గాడ్ అండ్ మీ’ మొదలుపెట్టే ముందు

అమెరికాలో కబ్ స్కౌట్ (స్కౌటింగ్‌లో చిన్న తరగతుల) పిల్లలకు మీ చర్చిలో ‘గాడ్ అండ్ మీ’ అనే ఈ క్రైస్తవ మత అవార్డు నడపబోతుంటే:

• ముందు తరగతి అడగండి. ఇది 1–3 వాళ్లకే; 4–5కి ‘గాడ్ అండ్ ఫ్యామిలీ’. తరగతి దాటాక వెనక్కెళ్లి చేయడం కుదరదు. అందుకే మూడో తరగతి పిల్లల్ని వేసవి దాకా నాన్చకండి, చాలా చోట్ల చేజారేది ఇక్కడే.

• అన్నదమ్ములైనా ఎవరి వర్క్‌బుక్ వాళ్లకే. జిరాక్సులు వద్దు.

• కాథలిక్ పిల్లల అవార్డులు వేరు. వాళ్ల పారిష్‌కు (స్థానిక కాథలిక్ చర్చికి) పంపండి.

• గదిలో 21 నిండిన, స్కౌటింగ్‌లో నమోదైన పెద్దలు ఇద్దరుండాలి. పాస్టరుగారైనా ఒంటరిగా కుదరదు.

• మెడల్ ఆర్డరు ఫారంపై పాస్టరు సంతకం తప్పనిసరి. ఫిబ్రవరిలో స్కౌట్ సండేకి (చర్చిలో స్కౌట్లను గౌరవించే ఆదివారానికి) ఇవ్వాలంటే క్రిస్మస్ హడావుడికి ముందే పంపేయండి.

• మెడల్ వేడుకలకే. రోజువారీ యూనిఫాంకు ఊదా గుడ్డపై వెండిరంగు ముడి ఉన్న బ్యాడ్జిని ఎడమ జేబు పైన కుట్టించాలి. ఊదా ముడి, వెండి గుడ్డ అయితే అది పెద్దలది.