ఉప్పుగాలిలో రివాల్వర్ సంరక్షణ: ఏ సాల్వెంట్, ఏ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి?

శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. విజయనగరం వైపు భోగాపురం, పూసపాటిరేగ మండలాలు కూడా తీరం మీదవే. ఆత్మరక్షణ కోసం లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఇక్కడ ఏడాది మొత్తం మీద కాల్చే తూటాలు చాలా తక్కువ. ఆయుధం ఎక్కువ కాలం బీరువాలోనే ఉంటుంది. కాబట్టి కాల్చి కాల్చి అరిగిపోతుందన్న భయం మనకు అక్కర్లేదు. ఊరికే ఉండి తుప్పు పడుతుందన్న భయం మాత్రం ఉండాలి. వారం వారం వందల రౌండ్లు కాల్చే దేశాలవాళ్లు చెప్పే సలహాలన్నీ మనకు సరిపోకపోవడానికి కారణం ఇదే. సాల్వెంట్ (మురికిని వదిలించే ద్రవం) కొనేముందు, ఆయిల్ కొనేముందు ఈ తేడా మనసులో పెట్టుకోండి.

ముందు ఖాళీ చేయండి

పిస్టల్ అయితే మొదట మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్ (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గది) చూడాలి. ఈ వరస తారుమారైతే మ్యాగజైన్‌లోని తూటా మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. చూసి ఊరుకోకండి, వేలు పెట్టి తడిమి చూడండి. కాన్పూర్‌లో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్లు చాలావరకు మధ్యలో విరిచి తెరిచే రకం. తెరిచి, సిలిండర్‌లోని ఆరు గదులనూ వెలుతురులో చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి వచ్చాకే సీసా మూత తీయండి. పిల్లలు తిరిగే చోట, అన్నం తినే బల్ల మీద ఈ పని వద్దు. ఆయుధంలో పేరుకున్న మసిలో సీసం ఉంటుంది. కిటికీలు తెరిచి, చేతికి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి.

సాల్వెంట్ ఎంచుకోవడం

మురికి ఏమిటో తెలిస్తే సాల్వెంట్ ఏదో తెలుస్తుంది. మందు కాలిన మసి ఒకటి, సీసపు బులెట్లు వదిలే బూడిదరంగు పొర ఒకటి, రాగి తొడుగు ఉన్న బులెట్లు వదిలే రాగి మరక ఒకటి. హోపీస్ నంబర్ 9 లాంటి మామూలు బోర్ సాల్వెంట్ (బ్యారెల్ లోపలి భాగం కోసం అమ్మేది) మసిని వదిలిస్తుంది. సీసం అలా కరగదు. సాల్వెంట్ రాసి పది నిమిషాలు నాననిచ్చి, కంచు బ్రష్‌తో రుద్దాలి. రివాల్వర్‌లో సిలిండర్ ముందు వైపు, బ్యారెల్ మొదలు దగ్గర ఈ పొర ఎక్కువగా పేరుకుంటుంది.

రాగి కోసం అమ్మే అమ్మోనియా సాల్వెంట్ మనలో చాలామందికి అవసరం ఉండదు. ఏడాదికి పది, ఇరవై తూటాలకు పట్టే రాగి ఏపాటిది? వాడక తప్పకపోతే సీసా మీద రాసిన సమయం దాటనివ్వకండి, నికెల్ పూత ఉన్న ఆయుధానికి అసలు వాడకండి. ఇంకో సంగతి: ఆ సాల్వెంట్ కంచు బ్రష్‌ను కూడా కొద్దికొద్దిగా తింటుంది. గుడ్డకు అంటిన నీలిపచ్చ రంగు బ్రష్‌దే కావచ్చు, బ్యారెల్‌లో రాగి ఇంకా మిగిలిందని కంగారుపడనక్కర్లేదు.

బోర్ సాల్వెంట్ మన ఊళ్లలో దొరక్కపోతే? కిరసనాయిలు పనికొస్తుంది. అదీ దొరక్కపోతే పెయింట్ షాపులో అమ్మే మినరల్ టర్పెంటైన్ వాడవచ్చు. రెండూ మసినీ, గట్టిపడిన పాత ఆయిల్‌నూ బాగా వదిలిస్తాయి. అయితే ఇవి లోహాన్ని శుభ్రం చేస్తాయి గానీ కాపాడవు. కిరసనాయిలుతో తుడిచి అలాగే వదిలేసిన బ్యారెల్‌కు ఈ తేమలో తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, వెంటనే ఆయిల్ పట్టించాలి.

పెట్రోల్ మాత్రం వద్దంటే వద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతూ వంటగదిలోని పొయ్యిదాకా వెళ్లగలదు. థిన్నర్, అసిటోన్ ప్లాస్టిక్ పిడిని కరిగిస్తాయి, చెక్క మీద పాలిష్‌ను లేపేస్తాయి. ఇత్తడి సామాను తోమినట్టు చింతపండో, నిమ్మకాయో, మెటల్ పాలిషో పెట్టి రుద్దడం కూడా తప్పు. ఉక్కు మీదున్న నల్లటి బ్లూయింగ్‌ను పులుపు తినేస్తుంది, పాలిష్ గీకేస్తుంది. ఆ పూత పోయిన చోటే తుప్పు మొదట దిగుతుంది.

ఆయిల్ ఎంచుకోవడం

మన వాతావరణంలో డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. బ్రేక్-ఫ్రీ లాంటి సీఎల్‌పీ ఆయిల్స్ శుభ్రం చేయడం, జారుడు ఇవ్వడం, తుప్పు ఆపడం, ఈ మూడు పనులూ ఓ మోస్తరుగా చేస్తాయి. ఒకే సీసా కొనాలనుకునేవాళ్లకు నా సలహా అదే. జర్మనీలో 1904 నుంచి ఉన్న బాలిస్టాల్ కూడా మంచిదే, చెక్క పిడికీ హాని చేయదు.

కుట్టుమిషన్ ఆయిల్ పలాసలోనైనా, చీపురుపల్లిలోనైనా దొరుకుతుంది. శుభ్రమైన పల్చటి మినరల్ ఆయిల్ కాబట్టి కదిలే భాగాలకు పర్వాలేదు. కానీ దాని పొర త్వరగా పల్చబడుతుంది. దాన్నే నమ్ముకుంటే వానాకాలంలో రెండు వారాలకొకసారి తుడిచి మళ్లీ రాయాలి. డబ్ల్యూడీ-40 స్ప్రేను నీళ్లను తరమడానికి తయారుచేశారు. తడిసిన ఆయుధానికి వెంటనే కొట్టడానికి అది మేలు. నెలల తరబడి కాపలాకు దాన్ని వదిలేయకండి. నువ్వులనూనె లాంటి వంటనూనెలు గాలి తగిలి జిగురుగా మారతాయి. కొబ్బరినూనె చలికాలంలో పేరుకుంటుంది. బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలు, మసి ఉంటాయి, దాన్ని దగ్గరికి రానివ్వకండి.

గ్రీజు? పిస్టల్ స్లైడ్ పట్టాల మీద, అదీ తయారీదారు పుస్తకంలో ఉంటేనే, సన్నటి పొర రాయండి. రివాల్వర్‌కు ఆయిల్ చాలు.

ఎక్కడ, ఎంత?

ఎక్కువైన ఆయిల్ దుమ్మును పట్టి ముద్దవుతుంది. విరిచి తెరిచే రివాల్వర్‌లో కీలు దగ్గర ఒక చుక్క, తాళం దగ్గర ఒక చుక్క, ఖాళీ తొడుగుల్ని బయటికి నెట్టే నక్షత్రపు ముక్క కాడకు ఒక చుక్క, సిలిండర్ తిరిగే ఇరుసుకు ఒక చుక్క. ఆ నక్షత్రం కింద మసి దాక్కుంటుంది, పాత టూత్‌బ్రష్‌తో తీయండి. బ్యారెల్‌ను వెనక నుంచే శుభ్రం చేయండి, మూతి దగ్గర రాడ్ రాసుకుంటే గురి దెబ్బతింటుంది. ఎన్‌సీసీలో, సైన్యంలో పనిచేసినవాళ్లకు పుల్‌త్రూ (బ్యారెల్‌లోంచి గుడ్డను లాగే తాడు), చిందీ (దానికి కట్టే గుడ్డముక్క) అలవాటే. చిందీకి పాత నూలు బనియను గుడ్డకు మించింది లేదు.

ఫైరింగ్ పిన్ (తూటాను వెనక నుంచి కొట్టే సూది) దారి, మ్యాగజైన్ లోపలి భాగం, తూటాలు కూర్చునే గదులు పొడిగా ఉండాలి. ఆయిల్ తూటా ప్రైమర్‌లోకి (మందును రాజేసే భాగంలోకి) దిగితే అవసరమైన క్షణంలో పేలకపోవచ్చు. స్క్రూలు విప్పి లోపలి స్ప్రింగుల దాకా వెళ్లకండి. అది లైసెన్స్ ఉన్న ఆర్మ్స్ డీలర్ దగ్గర జరగాల్సిన పని.

దాచడం

చెమట చేతిలో ఉప్పు ఉంటుంది. చివర్లో బయటి లోహమంతా ఆయిల్ గుడ్డతో తుడిచాక మళ్లీ వేలు తగలనివ్వకండి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి దాచడం మన దగ్గర బాగా అలవాటు, దాన్ని మానాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తాళం వేసే పెట్టెలో, తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో ఉంచండి. సంచుల రంగు మారితే ఆరబెట్టండి లేదా కొత్తవి వేయండి. జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకు కనీసం రెండుసార్లు తీసి చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా కరెంటు పోయి, ఇల్లు రోజుల తరబడి తడితడిగా ఉంటే మాత్రం ఆగకండి, వాన వెలిసిన మర్నాడే తుడిచి ఆయిల్ రాయండి.

ఎన్నికలప్పుడు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. అది వారాల తరబడి మీ చేతిలో ఉండదు. జమకు ముందురోజు బ్యారెల్ లోపలా బయటా మామూలుకంటే కాస్త మందంగా ఆయిల్ పట్టించి, ఇచ్చేటప్పుడు రశీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక మళ్లీ ఖాళీగా ఉందో లేదో చూసి, బ్యారెల్‌లోంచి, సిలిండర్ గదుల్లోంచి ఆ ఆయిల్ మొత్తం పొడి చిందీతో లాగేశాకే తూటాలు వేయండి.